జీవరాజు గారి "అలాగేనండి"

మా ఆఫీసులో జీవరాజు గారని ఒకాయన ఉన్నారు. సర్వరు చూసుకుంటారు. ఆయనకి కంప్యూటరు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, చర్చిలో మైకు సెట్టు గురగురమంటే విప్పి బాగుచెయ్యడం వచ్చు. "కాదు" అనడం మాత్రం రాదు. తల నెరుస్తున్న మనిషికి ఇంత చిన్న మాట నోరు తిరగకపోవడమేంటని నేను చాలాసార్లు దులిపేశాను. దానికి కూడా "అలాగేనండి అక్కగారూ, నేర్చుకుంటాను" అన్నారు. అలాంటి మనిషిని ఏమని తిడతాం?

నా పేరు రామతులసి. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ వెనక మేడ మీద మా ఆఫీసు. రొయ్యల చెరువుల్లో మేం మీటర్లు పెడతాం. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే మీటరు మా సర్వరుకి చెబుతుంది, సర్వరు రైతుకి ఫోను చేస్తుంది, రైతు పరిగెత్తుకెళ్లి ఏరేటర్లు వేస్తాడు. ఏరేటరంటే నీళ్లని చిలికి గాలి ఎక్కించే చక్రం. అది వెయ్యడం ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలతాయి. ఇంకా ఆలస్యమైతే నెలల తరబడి పెంచిన పంట ఒక్క పూటలో పోతుంది. రైతులు దాన్ని ఆక్సిజన్ అనరు, గాలి అంటారు. గాలి తగ్గినా తప్పు మాదే, కరెంటు పోయినా తప్పు మాదే. ఆ ఫోన్లు ఎత్తి తిట్లు తినడం నా ఉద్యోగం. తిట్టేవాళ్లు కూడా "గారు" తగిలించే తిడతారు, ఆ మర్యాదకేం లోటు లేదు.

మొదట్లో సర్వరు చేసే ఫోన్లు ఎవరూ వినేవాళ్లు కాదు. ఎత్తగానే రికార్డు గొంతు వినిపిస్తే ఓట్ల ఫోనో, లోన్ల ఫోనో అనుకుని టక్కున పెట్టేసేవాళ్లు. అప్పుడు జీవరాజు గారు నన్ను స్టోరు రూములో కూర్చోబెట్టి, చప్పుడవుతోందని ఫ్యాను కూడా ఆపించి, ఒక్కొక్క రైతు పేరూ నా చేత పలికించారు. "బుల్లిరాజు గారండీ, నేను రామతులసినండి. మీ రెండో చెరువులో గాలి తగ్గిందండి. కాస్త ఏరేటర్లు వేయించండి." చెమటలు కారుతుంటే నేను విసుక్కుని పలికిన పేర్లు మళ్లీ పలికించారు. "విసుగు వినపడకూడదండి అక్కగారూ, నిద్రలోంచి లేచేవాళ్లు కదండీ" అన్నారు.

ఇంక అప్పట్నుంచి జనం వినడం మొదలుపెట్టారు. వినడమే కాదు, జవాబు చెప్పడం మొదలుపెట్టారు. "ఆఁ అమ్మా, ఇదిగో వెళ్తున్నా. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని రికార్డుని అడిగేవాళ్లు. రికార్డుకి మోకాళ్లుండవని వాళ్లకి తెలీక కాదు. పేరు పెట్టి పిలిచినవాళ్లకి బదులు చెప్పకపోతే బాగోదు కదా.

దాంతో ఇంకో చిక్కు వచ్చింది. ఫోను ముందు ఎవరు పెట్టెయ్యాలి? మా వైపు "ఉంటానండి" అంటే "ఉంటానండి, మరి" అనాలి, ఆ తర్వాత అవతలివాళ్లు పెట్టేదాకా ఇవతలివాళ్లు ఆగాలి. మా మిషను మాత్రం చెప్పాల్సింది చెప్పి కట్ చేసేసేది. "మీ రామతులసి గారు మొహం మీదే పెట్టేశారండి" అని రైతులు చిన్నబుచ్చుకున్నారు. జీవరాజు గారు "అలాగేనండి" అని, మిషను తనంతట తాను ఎప్పుడూ ఫోను పెట్టకుండా ప్రోగ్రాం మార్చేశారు. అవతలి మనిషి పెట్టేదాకా లైను తెరిచే ఉంటుంది. కొందరు రైతులు ఫోను చొక్కా జేబులో పడేసుకుని, చెరువు గట్టంతా తిరిగి, టీ తాగి, అప్పుడు పెట్టేవాళ్లు. ఫోన్లు నెట్ మీద వెళ్తాయి కాబట్టి లైన్లకి కొదవలేదు. మర్యాదకి పోయి ఇలాంటి పని చేసే ఇంజినీరు ఇంకెక్కడా ఉండడని నా నమ్మకం.

ఆ బుద్ధి తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. ఆయన తండ్రి కాలవ మీద లస్కరు. లాకుల దగ్గర తూము తలుపులు ఎత్తి దించే ఉద్యోగం. నాట్ల రోజుల్లో ప్రతి రైతూ వచ్చి మా బోదె కాలవకే ముందు నీళ్లొదలమంటాడు. అందరికీ "అలాగేనండి" అనేవాడట ఆ పెద్దాయన. ఒకడి చేను దమ్ము చేసేలోగా ఇంకొకడికి కూలీలు దొరకరు, అందరికీ ఒకేసారి అవసరం పడదు, ఎలాగో సర్దుకుపోతుంది. లేదని చెప్పి మనిషి మొహం చిన్నబుచ్చడం కంటే ఒప్పుకుని తిప్పలు పడడం నయమని కొడుక్కి నూరిపోశాడు. కొడుకు డిగ్రీ చదివాడు, ఇంటర్నెట్ సెంటరు పెట్టాడు, పరీక్ష ఫలితాల రోజున ఊళ్లో పిల్లలందరికీ "ముందు నీదే చూస్తాను" అని చెప్పాడు. చేతుల్లోకి ఫోన్లొచ్చి ఆ సెంటరు మూతపడ్డాక జీవరాజు గారు మా గణేష్‌బాబు గారి దగ్గర చేరారు. గణేష్‌బాబు గారు మా ఓనరు.

ఒక ఆదివారం ఆ "అలాగేనండి"లన్నీ ఒకేసారి మీద పడ్డాయి. చర్చి పాస్టరు గారికి కీబోర్డు బాగుచేస్తానని ఒప్పుకున్నారు, పక్కింటివాళ్లకి అప్లికేషను నింపుతానని ఒప్పుకున్నారు, అత్తగారిని కంటాసుపత్రికి తీసుకెళ్తానని ఒప్పుకున్నారు. అన్నీ ఆ మధ్యాహ్నమే. అత్తగారు చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, వీధరుగు మీద సాయంత్రం దాకా కూర్చున్నారు. జీవరాజు గారి భార్య ఆశాజ్యోతి మిషనరీ స్కూల్లో టీచరు. గొంతు పెంచే మనిషి కాదు. "ఇవ్వగలిగిందే ఒప్పుకోండి. ఒప్పుకున్నది ఇవ్వండి. అంతే నేను అడిగేది" అందట. ఆ సంగతి మర్నాడు నాకు చెబుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి.

సరిగ్గా ఆ వారంలోనే సర్వరు కూడా ఆయన మీద తిరగబడింది. మెమరీ నిండిపోయి, మిషనే మీటర్ల రీడింగులు దాచే డేటాబేసుని చంపి పక్కన పారేసింది. మంచి ఎండ పూట కాబట్టి ఏ చెరువుకీ ఏమీ కాలేదు. కానీ ఆయన బెంబేలెత్తిపోయి, కెర్నెల్‌లో ఒక సెట్టింగు మార్చారు. కెర్నెల్ అంటే సర్వరు లోపల అందరికీ మెమరీ పంచే పెద్ద. ఆ పెద్దకి ఈయన పెట్టిన కొత్త రూలు ఏంటంటే, ఉన్నదానికి మించి ఎవరికీ మాట ఇవ్వకు. ఇంట్లో తను నేర్చుకోలేని పాఠాన్ని తీసుకెళ్లి మిషనుకి నేర్పారన్నమాట. అప్పుడది నాకూ బాగానే అనిపించింది.

ఇక్కడ రత్నమాణిక్యం గురించి చెప్పాలి. ఆకివీడు వైపు, డ్రెయిన్ దాటాక ఆవిడ చెరువు. భర్త గుండాగి పోయాడు. చెరువు భర్తా, అతని అన్నయ్య చిట్టియ్య గారూ కలిసి తవ్వించింది. "ఒక్క పంట చూస్తానమ్మా. నిలబెట్టుకున్నావా, చెరువు నీదే. పోగొట్టావా, నాకొదిలెయ్. ఆడమనిషివి, గట్టు మీద ఒక్కదానివీ ఈ కాపలాలేంటి?" అన్నారు చిట్టియ్య గారు. ఆయన చెడ్డవాడని నేననను. కానీ ఆ మాటకి ఆవిడ పడ్డ బాధ నాకు తెలుసు. ఆ చెరువు తన చేతుల్లోంచి జారిపోతే భర్త పోవడం అప్పటికి పూర్తవుతుందన్నట్టు చూసేది. అందుకని రాత్రంతా తనే మేలుకుని ఏరేటర్లు నడిపేది. పగలు గట్టు మీద పాకలో పడుకునేది. ఎండలో నీళ్లకి గాలి దానంతటదే పడుతుంది కాబట్టి పగలు ఏరేటర్లు ఆపేస్తారు.

మీటరు బాగుచెయ్యడానికి వెళ్లినప్పుడు జీవరాజు గారు చూశారట, ఆవిడ పగలు కూడా పడుకోకుండా, స్విచ్చి బోర్డు మీద చెయ్యి వేసుకుని నిలబడే కునుకుతోంది. ఈయన మనసాగుతుందా? "పగలు నేను చూసుకుంటాను చెల్లెమ్మా. మీరు నిశ్చింతగా పడుకోండి. తేడా వస్తే మా అక్కగారి ఫోను మీకు వస్తది" అన్నారు. అనడమే కాదు, లోన్లవాళ్లూ వాళ్లూ నిద్ర చెడగొట్టకుండా, పగటి పూట మా ఆఫీసు నంబరు తప్ప ఇంకే ఫోనూ మోగకుండా ఆవిడ సెల్లులో సెట్ చేసిచ్చారు. ఆవిడ ఆ మాట మీద పడుకోవడం మొదలుపెట్టింది. మొహంలోకి కాస్త కళ వచ్చింది. రొయ్య కూడా బాగా ఎదిగింది, రొయ్య పట్టి అమ్మే పట్టుబడికి ఎక్కువ రోజుల్లేవు.

అలా ఉండగా ముసురు పట్టింది. రెండు రోజులుగా సూర్యుడి జాడ లేదు, ఆకు కదల్లేదు. ఇలాంటి పగళ్లలో చెరువులకి రాత్రి ఎంత ప్రమాదమో పగలూ అంతే. భోజనాలయ్యాక నేను ఫోను ముందు పెట్టుకుని తిట్లకి సిద్ధంగా కూర్చున్నాను. ఒక్క ఫోనూ రాలేదు. ఇంత ముసురులో నన్నెవరూ తిట్టకపోవడమేంటని నాకు అనుమానం వచ్చింది. మా జనం అంత మంచివాళ్లు కారు.

"జీవరాజు గారూ, ఓసారి చూడండి" అన్నాను. ఆయన తెర చూసి లేచి నిలబడ్డారు. చెరువుల పటంలో చాలా చోట్ల ఎర్రగా ఉంది. ఫోన్లు మొదట కొన్ని వెళ్లాయి, ఆ తర్వాత వెళ్లడం ఆగిపోయింది. ఎర్రగా ఉండి ఫోను వెళ్లని చెరువుల్లో రత్నమాణిక్యం చెరువు ఒకటి.

మిగతావాళ్లకి నేను నా సెల్లు తీసుకుని వరసగా చేశాను. అందరూ ఎత్తారు, ఎత్తి తిట్టారు, చెరువుకి పరిగెత్తారు. రత్నమాణిక్యానికి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? ఆఫీసు నంబరు తప్ప మోగదు కదా. ఆ నంబరేమో సర్వరు చేతిలో ఉంది, దాన్నించి మా చేత్తో ఫోను చెయ్యలేం. పక్క చెరువు మనిషికి చేస్తే మేత బస్తాల కోసం ఊళ్లోకొచ్చానన్నాడు. ఇక గతిలేక చిట్టియ్య గారికే చేశాను. ఆయన ఏలూరులో ఉన్నారు. "పడుకుందా? చెరువులో రొయ్య తేలుతుంటే పడుకుందా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది గానీ వాదించే వేళ కాదు. బండి మీద మనిషిని పంపాం. అతను ఆ గతుకుల రోడ్డు మీద చేరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని అందరికీ తెలుసు.

మిషను బాగవడమొక్కటే దారి. జీవరాజు గారు కీబోర్డు అందుకున్నారు. ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తెర మీద ఒకటే వాక్యం మళ్లీ మళ్లీ పడుతోంది.

"ఏమంటోందండి అది?"

"కొత్త థ్రెడ్ పుట్టట్లేదంటోందండి. ఒక్కో ఫోనుకి ఒక్కో థ్రెడ్ కావాలి, అంటే ఆ ఫోనుని కనిపెట్టుకునుండే పనివాడనుకోండి. వనరు తాత్కాలికంగా లేదంటోంది. ఏ వనరో చెప్పదు."

ముందు ఎంతమంది పనివాళ్లకి అనుమతి ఉందో చూశారు. కావలసినంత ఉంది. అయినా ఇంకా పెంచారు. లాభం లేదు. మెమరీ నిండిందేమోనని చూశారు. సగానికి పైగా ఖాళీ. "ఇంత ఖాళీ పెట్టుకుని లేదంటుందేంటండి ఇది" అని నుదురు కొట్టుకున్నారు. ప్రోగ్రాం మొత్తం ఆపి మళ్లీ మొదలుపెడదామంటే, చెరువుల్లో మీటర్లన్నీ తిరిగి సర్వరుని అందుకునేసరికి చాలా సేపు పడుతుంది. అంతసేపు ఏ చెరువు సంగతీ తెలీదు. తెర మీద రత్నమాణిక్యం చెరువు అంకె దిగుతూనే ఉంది. నేను దేవుళ్లందరికీ దణ్ణాలు పెడుతున్నాను, ఆయన పెదవులు కూడా ప్రార్థనకి కదులుతున్నాయి.

ఇంకో కమాండు కొట్టారు. ఈసారి అది కూడా నడవలేదు. వేరే మాట పడింది.

"ఇదేంటండి, మాట మార్చింది?" అన్నాను.

ఆయన చదివారు. "మెమరీ కేటాయించలేనంటోంది." చదివి ఆగిపోయారు. "ఖాళీ ఉంది. ఇవ్వలేనంటోంది."

"ఇన్నాళ్లూ బాగానే ఉంది కదండీ. మొన్నీమధ్య దాన్నేమైనా ముట్టుకున్నారా?"

అది తెలివితో అడిగిన ప్రశ్న కాదు. ఇంట్లో మిక్సీ ఆగినా నేను అదే అడుగుతాను. కానీ ఆయన మొహం పాలిపోయింది. "నేనేనండి అక్కగారూ. మొన్న నేను పెట్టిన రూలే ఇది" అన్నారు.

అదేంటో తర్వాత తీరిగ్గా నాకు విడమరిచి చెప్పారు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాం కదా. మా ప్రోగ్రాంలో ఒక్కో ఫోనూ ఎక్కడంతోనే ఎనిమిది సీట్ల మీద తువ్వాళ్లు వేస్తుంది, కూర్చునేది మాత్రం ఒక్క సీటు చివర. ఇదివరకు కెర్నెల్ అనే కండక్టరు చూసీ చూడనట్టు పోయేవాడు, ఎవరెన్ని తువ్వాళ్లు వేసినా "అలాగే" అనేవాడు. ఒకసారి తువ్వాలు వేసినవాళ్లంతా నిజంగానే వచ్చి కూర్చోబోతే, చోటు చాలక డేటాబేసుని బస్సులోంచి దింపేశాడు. అది చూసి భయపడి ఈయన, వేసిన ప్రతి తువ్వాలుకీ లెక్క ఉండాలని రూలు పెట్టారు. ఆ రూలు పెడితే, బస్సులో ఎన్ని సీట్లు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే రెండో సెట్టింగు కూడా మార్చాలి. అది మర్చిపోయారు. మార్చకపోతే కండక్టరు సగం బస్సునే లెక్కపెడతాడు. ఎండ రోజుల్లో ఫోన్లు తక్కువ కాబట్టి బయటపడలేదు. ఆ రోజు ముసురుకి అన్ని చెరువులూ ఒకేసారి గాలి అడిగాయి. పైగా ఫోను ఎత్తిన రైతులెవరూ పెట్టెయ్యలేదు, పెట్టెయ్యమని మిషనూ అడగలేదు. బస్సు నిండా తువ్వాళ్లు, మనుషులు మాత్రం లేరు. రత్నమాణిక్యానికి ఫోను చెయ్యాల్సిన పనివాడు ఫుట్‌బోర్డు మీదే ఆగిపోయాడు.

"అయితే ఆ రూలు తీసెయ్యండి, చూస్తారేం?" అని అరిచాను.

"రూలు మార్చే కమాండుకి కూడా సీటు కావాలండి. అదీ ఎక్కనివ్వట్లేదు."

ఆయన నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ ఏదో కొట్టారు. కొత్తగా ఎవర్నీ పిలవకుండా, అప్పటికే లోపల కూర్చుని కమాండ్లు అందుకునే షెల్ అనేది తన నోటితో తాను పలకగలిగిన మాటలు కొన్ని ఉంటాయట. అలాంటి ఒక్క మాటతో, ఆ రూలు రాసున్న చోట సున్నా రాయించారు. ఎంటర్ కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

ఆగిపోయిన ఫోన్లన్నీ కదిలాయి. ఆయన రత్నమాణిక్యం ఫోనుని స్పీకర్లో పెట్టారు. మోగింది. మోగుతూనే ఉంది. తర్వాత నా గొంతు నాకే వినిపించింది, ఉక్కలో చెమటలు కక్కుతూ పలికిన గొంతు, "రత్నమాణిక్యం గారండీ, నేను రామతులసినండి."

"ఆఁ వదినగారూ, లేచాను, లేచాను" అంది నిద్ర గొంతు. అంతే, ఫోను ఎక్కడో పడేసింది. కానీ లైను తెగలేదు, మా మిషను తెంపదు కదా. తడిక తలుపు చప్పుడు విన్నాం. "అయ్యో నా తల్లీ" అన్న కేక దూరంగా విన్నాం. ఆ తర్వాత ఏమీ లేదు. మేమిద్దరం ఆ స్పీకరు మీదకి వంగిపోయాం. అప్పుడు మోటారు ఒకటి మూలిగింది. దాని వెనక ఇంకొకటి. చక్రాలు నీళ్లని కొడుతున్న చప్పుడు గది నిండా పరుచుకుంది. జీవరాజు గారు టేబులు మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి ఊరుకున్నాను, తిట్టడానికి ఇంకెప్పుడైనా టైముంటుంది.

చెరువు నిలబడింది. గట్టు వారన కొంత రొయ్య పోయింది, కానీ చెరువు నిలబడింది.

సాయంత్రం గణేష్‌బాబు గారు వచ్చారు. అంతా విని తలుపు దగ్గరికి వేశారు. "రేపు పొద్దున్న చిట్టియ్య గారు చెరువు దగ్గరికి రమ్మన్నారండి. మనం ఒకటే చెబుదాం. ఫోను టైముకే వెళ్లింది, ఆవిడ ఎత్తలేదు. నిద్రలో ఉంది కాబట్టి ఆవిడకీ తెలీదు. మన మిషను ఆగిందని బయటికొస్తే రేపట్నుంచి ఒక్క రైతు మన మీటరు పెట్టించుకోడు. ఏమంటారు జీవరాజు గారూ?"

"అలాగేనండి" అన్నారు జీవరాజు గారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాటతో రత్నమాణిక్యం చెరువు పోయినట్టే. తేలుతున్న చెరువుని పక్కన పెట్టుకుని, ఫోను మోగుతున్నా లేవలేదంటే చిట్టియ్య గారికి ఇంకేం కావాలి? మెట్ల మీద నిలదీశాను. "మీకు సిగ్గనిపించట్లేదాండీ?" అన్నాను. ఆయన నా మొహం కూడా చూడకుండా దిగి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ముసురు విడిచింది. గణేష్‌బాబు గారి కారులో ముగ్గురం వెళ్లాం. గట్టు మీద చిట్టియ్య గారు, నలుగురు కూలీలు, చచ్చిన రొయ్య ఏరిన గంపలు. రత్నమాణిక్యం పాక గుంజకి ఆనుకుని నిలబడి ఉంది. రాత్రంతా మేలుకున్న కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. తను నిద్రపోయిన నేరానికి శిక్ష వినడానికి నిలబడినట్టుంది.

"రండి గణేష్‌బాబు గారూ" అన్నారు చిట్టియ్య గారు. "నాకు ఒక్కటే కావాలి. నిన్న మీ ఫోను వెళ్లిందా, లేదా? వెళ్లినా లేవలేదంటే మా మరదలి వల్ల ఇది కాదు. నేను ముందే చెప్పాను."

గణేష్‌బాబు గారు గొంతు సవరించుకుని జీవరాజు గారి వంక చూశారు. మీరు చెప్పండి అన్నట్టు.

"వెళ్లలేదండి" అన్నారు జీవరాజు గారు.

గొంతు చాలా చిన్నగా వచ్చింది. మళ్లీ అన్నారు, ఈసారి అందరికీ వినబడేలా. "వెళ్లలేదండి చిట్టియ్య గారూ. మిషనులో ఒక రూలు నేను మార్చాను, సగమే మార్చాను. దానివల్ల ఆగిపోయింది. ఫోను వెళ్లింది బాగా ఆలస్యంగా. వెళ్లగానే ఈవిడ లేచింది, మోటార్లు వేసింది, నా చెవులతో నేను విన్నాను. పగలు పడుకోమన్నది కూడా నేనేనండి. ఈవిడ అడగలేదు. నేనే మాట ఇచ్చాను. మాట తప్పింది నేను, నిద్రపోయినావిడ కాదు. గణేష్‌బాబు గారు ఇంకోలా చెప్పమన్నారు, నేను అలాగేనన్నాను. అది కుదరదండి. నా వల్ల కాదు."

గణేష్‌బాబు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా, ఆయన్ని మెచ్చుకోవాలి, "నిజమేనండి. ఫోను వెళ్లలేదు" అన్నారు.

చిట్టియ్య గారు కోపం తెచ్చుకుని వచ్చిన మనిషి, ఇప్పుడు దాన్ని ఎక్కడ దించాలో తెలీక అటూ ఇటూ చూశారు. చివరికి మరదలి మీదే దించబోయారు. "విన్నావా? ఇలాంటి మిషన్లని నమ్ముకునా అమ్మా నువ్వు పగలు పడుకుంటున్నది?"

రత్నమాణిక్యం గుంజ వదిలి సరిగ్గా నిలబడింది. "మిషను సంగతి నాకేం తెలుసండి బావగారూ. నేను అన్నయ్యగారిని నమ్మాను" అంది. జీవరాజు గారి వైపు చూసింది. "బాగైందా అన్నయ్యగారూ అది?"

"బాగైందమ్మా. రెండో సగం కూడా రాత్రి సరిచేశాను. చూసుకుంటాను."

"అయితే సరే. నాకు రాత్రికి మళ్లీ కాపలా ఉంది. నేను పడుకుంటానండి" అంది.

అని అందరం చూస్తుండగానే పాకలోకి వెళ్లింది. అన్ని గంపలూ అంతమంది మనుషులూ బయటుండగా, సెల్లు తలగడ పక్కన పెట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది. కాసేపటికే ఊపిరి బరువెక్కింది. జీవరాజు గారు తడిక బయట చేతులు కట్టుకుని నిలబడిపోయారు, కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు, తర్వాత తగ్గనూ లేదు.

చిట్టియ్య గారు పాక వంక చాలాసేపు చూశారు. గట్టు అవతల కూలీలు గంపలెత్తుకుంటూ ఏదో కేకలేసుకుంటున్నారు. ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా వాళ్ల దగ్గరికి నడిచారు.

"నెమ్మదిగా మాట్లాడండ్రా" అన్నారు. "చెరువుగలావిడ పడుకుంది."